చిందు మేళము – దాని రంగస్థలము

న్యూయార్కు నగరమున హార్లెమ్‌లో అపోలో అను నాటకశాల కలదు. 1934 వరకు నల్లజాతి ప్రేక్షకులకు అందు ప్రవేశము లేదు. తరువాత అదియే వారి సంగీతమునకు కంచుకోటయైనది. 1962లో జేమ్స్ బ్రౌన్ అచట చేసిన కచేరి మరుసటి యేట రికార్డుగా వెలువడినది.

ఇట్టి కథకై అంత దూరము పోనక్కరలేదు. కాకతీయుల కాలమున జాయపసేనాని నృత్తరత్నావళిలో పేర్కొన్న దేశి నృత్యములలో చిందు ఒకటి. అయినను తెలంగాణమున తరతరములుగా చిందు యక్షగానమాడిన కళాకారులకు గుడి మండపము దక్కలేదు. మాదిగవాడలోని నేలయే వారి రంగస్థలము. ఒక్కొక్క కుటుంబమునకు కొన్ని గ్రామములు హక్కుగా ఉండెడివి. ఆ ఊళ్ళ మాదిగలు వారికి కట్నమిచ్చుట ఆచారము. జాంబపురాణము చెప్పుట వారి ప్రత్యేకత. కొయ్యతో చేసిన కిరీటము, భుజకీర్తులు, ముఖమునకు అర్దళము, మద్దెల, తాళములు – ఇంతే సరంజామా. ఇంటి స్త్రీలును వేషము కట్టుదురు. పట్టణ నాటక సమాజములు స్త్రీ పాత్రలకు మగవారిని వెదకుకొను దినములలోనే ఇది జరిగినది! మన నాటక చరిత్రకారులు ఈ మాట తరచు మరతురు. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ బాల్యమునుండి వేషము కట్టి, 2005లో కన్నుమూసినది.

2024లో జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ లభించినది. కాని కట్నములు తగ్గి, కూలికి పోవు కుటుంబములు పెక్కు. తాత పాడిన పద్యము పూర్తిగా నేర్వకమునుపే కుర్రవారు పట్నము చేరుచున్నారు. రాబోవు వార్షికోత్సవమునకు సినిమా పాటల బదులు ఒక మేళమును పిలిచి, తగిన పారితోషికమిచ్చి, మన వేదికమీదనే ఆడించవలెనని కమిటీవారికి విజ్ఞప్తి.