బాలల అద్భుత నవలలో స్వప్నలోకం: మేల్కొలుపు, ఆనవాలు

బాలసాహిత్య ప్రసంగాలలో ఒక అభిప్రాయం తరచుగా వినవస్తుంది. బాలిక యొకతె నిద్రలో మరొక లోకంలో ప్రవేశించి, అక్కడ నానావిధ సాహసాలు చేసి, చివరకు కన్నులు తెరచే కథాసంవిధానం పాశ్చాత్యులదనీ, తెలుగులో దానికి మాతృక లేదనీ ఆ అభిప్రాయ సారాంశం. ఇది సగమే సత్యం. 'కలలో సాగిన నవల' అనదగిన బాలల గ్రంథాలు తెలుగులో విరివిగా లేవన్నది నిజమే. అయితే స్వప్నంలో లోకాంతర గమనం అనే కథావస్తువు మనకు కొత్తది కాదు. కొత్తదల్లా మేల్కొన్న తరువాత ఆ లోకాన్ని ఏమి చేయాలన్న ప్రశ్నకు పాశ్చాత్య నవల ఇచ్చిన సమాధానం. స్వప్నకథ పరీక్షకు నిలిచేది నిద్రలో కాదు, మేల్కొలుపులో.

భారతీయ శాస్త్రకారులు స్వప్నాన్ని ఏకరూపంగా భావించలేదు. చరకసంహిత ఇంద్రియస్థానంలో దృష్టం, శ్రుతం, అనుభూతం, ప్రార్థితం, కల్పితం, భావికం, దోషజం అని స్వప్నాలు ఏడు విధాలుగా చెప్పబడ్డాయి. వీటిలో మొదటి ఐదూ నిష్ఫలాలని వైద్యుడు గ్రహించాలన్నది అక్కడి నిర్ణయం. చూచినది, విన్నది, కోరినది, ఊహించినది కలలో తిరిగి కనబడితే దానికి ఫలం లేదు. భావికం మాత్రం రాబోవుదానిని సూచిస్తుంది. సుందరకాండలో త్రిజట కన్న కల ఈ కోవలోనిది. నాట్యశాస్త్రం మరొక దారిలో ఆలోచించింది. నిద్ర, సుప్తం, విబోధం అనే మూడింటినీ అది వ్యభిచారి భావాలలో చేర్చింది. అంటే మేల్కొనడం కూడ కలవలెనే వచ్చిపోయే భావమే కాని స్థాయి కాదు. అద్భుత రసానికి స్థాయి విస్మయం. విబోధం విస్మయాన్ని పోషించాలే కాని హరించరాదు. బాలల అద్భుత నవలను తూచడానికి ఇంతకంటె మేలైన తూనికరాయి మరెక్కడో వెదకనక్కరలేదు.

ఇప్పుడు లక్ష్యాలు. భాగవత దశమస్కంధంలోని ఉషాపరిణయం అందరెరిగినదే. బాణాసురుని కుమార్తె కలలో ఒక పురుషుని కలుసుకొంటుంది. అతడు ఆమె ఎన్నడూ కన్నవాడు కాడు, విన్నవాడు కాడు అని మూలం స్పష్టంగా చెబుతున్నది. ఈ ఒక్క మాటతో ఆ కల దృష్ట శ్రుత భేదాల నుండి తప్పుకొన్నది. తరువాత చిత్రలేఖ దేవగంధర్వ మానవ వీరుల రూపాలను వరుసగా చిత్రించి చూపగా, అనిరుద్ధుని రూపం వద్ద ఉష సిగ్గుతో తల వంచుతుంది. కలలోని ముఖానికి మెలకువలో పటం దొరికింది. ఆ పటాన్ని పట్టుకొని చిత్రలేఖ ద్వారకకు పోయి నిద్రిస్తున్న యువకుని శోణపురానికి తెస్తుంది. ఎఱ్ఱన హరివంశంలోను, నాచన సోమన ఉత్తర హరివంశంలోను, భాగవతంలోను తెలుగు పాఠకుడు ఈ కథను తరతరాలుగా చదువుతున్నాడు. కలకు ఆనవాలు దొరకడమే దీనిలోని కీలకం. రామాయణంలో ఉంగరమూ చూడామణీ చేసిన పనిని ఇక్కడ పటం చేసింది.

దండి దశకుమారచరితంలోని ప్రమతి వృత్తాంతం ఇంతకంటె సూక్ష్మమైనది. పదమూడవ శతాబ్దిలో కేతన దానిని తెనిగించి తిక్కనకు అంకితమిచ్చాడు. వింధ్యాటవిలో చీకటి పడగా ప్రమతి ఒక చెట్టు కింద, ఆ వృక్షదేవతకు మ్రొక్కి పరుంటాడు. కొంతసేపటికి మేనికి హాయి తగిలి కన్నులు తెరువగా అడవి లేదు. వెల్ల మేడలో నిద్రిస్తున్న కన్యలు, వారి నడుమ ఒక రాజపుత్రి. మళ్లీ నిద్ర పడుతుంది. మళ్లీ మెలకువ వస్తుంది. చూస్తే అదే చెట్టు, అదే ఆకుల పడక. ఇది కలయా, మాయయా అని అతడు తర్కించుకొంటాడు. అప్పుడు తారావళి అనే యక్షకాంత వచ్చి, ఉత్సవానికి పోతూ అతనిని అడవిలో ఒంటరిగా విడువలేక శ్రావస్తి రాజపుత్రి నవమాలిక శయ్య వద్ద ఉంచి, తిరుగుదారిలో తీసుకొని వచ్చానని చెబుతుంది. ప్రమతి రెండు మారులు మేల్కొన్నాడు. మొదటి మేల్కొలుపు అతనిని అద్భుతంలో పడవేసింది. రెండవది దానినుండి బయటికి తీసింది. ఏది నిజమైన మేల్కొలుపు అన్న ప్రశ్నకు రెండూ నిజమే అన్నది దండి సమాధానం. బాలసాహిత్య చరిత్రకారులు ఈ ఘట్టాన్ని పట్టించుకొనకపోవడం వింత. శృంగార కథగా ముద్రపడడమే అందుకు కారణం కావచ్చును.

1912లో తిరువనంతపురం నుండి గణపతిశాస్త్రిగారు ప్రకటించిన స్వప్నవాసవదత్తంలో ఇదే మెలిక నాటకరూపం ధరించింది. ఐదవ అంకంలో నిద్రిస్తూ పలవరిస్తున్న ఉదయనుని చేయి శయ్య నుండి జారగా వాసవదత్త దానిని ఎత్తి పెట్టి వెడలిపోతుంది. విదూషకుడు అది కల అంటాడు. రాజు వాదానికి ఆధారం ఒక్కటే, ఆ చేతిపై ఇంకా అణగని గగుర్పాటు. ఇక్కడ ఆనవాలు శరీరమే.

అయితే ఆనవాలు ఉన్నంత మాత్రాన అన్ని కథలూ ఒకే మాట చెప్పవు. యోగవాసిష్ఠంలో లవణ మహారాజు ఐంద్రజాలికుడు చూపిన గుఱ్ఱాన్ని చూస్తూ సభలోనే కొద్దిసేపు కొయ్యబారిపోతాడు. ఆ కొద్దిసేపటిలో గుఱ్ఱం అతనిని అడవికి మోసుకొని పోవడం, అన్నం పెట్టిన పల్లె పిల్లను అతడు పెండ్లాడడం, బిడ్డలు, కఱవు, చివరకు అగ్నిప్రవేశం వరకు ఒక జీవితమే గడిచిపోతుంది. మేల్కొన్న రాజు అంతటితో ఆగడు. సపరివారంగా బయలుదేరి ఆ పల్లెను వెదకి పట్టుకొంటాడు. అక్కడ ముసలి అత్త అల్లుని కోసం, మనుమల కోసం ఏడుస్తూ కనబడుతుంది. ఇంతటి ఆనవాలు మరే కథలోను లేదు. కాని వసిష్ఠుని ఉద్దేశం కల సత్యమని నిరూపించడం కాదు. మెలకువ కూడ అంతటిదే అని చూపడం. ఉష కథలో ఆనవాలు కలను మెలకువ స్థాయికి ఎత్తింది. లవణుని కథలో మెలకువను కల స్థాయికి దించింది. ఈ భేదాన్ని విస్మరించి మన సంప్రదాయంలో స్వప్నమంతా సత్యమే అని సాధారణీకరించడం పొరపాటు.

ఇక పాశ్చాత్య నవల. లూయీ కారల్ అనే కలంపేరు గల చార్లెస్ డాడ్జ్‌సన్ 1862 జులై 4న ఆక్స్‌ఫర్డ్ వద్ద పడవలో ముగ్గురు బాలికలకు చెప్పిన కథ 1865లో 'ఆలిస్' నవలగా వెలువడింది. చివరి ఘట్టంలో పేకముక్కల సైన్యం ఆలిస్ మీదికి ఎగసి వస్తుంది. ఆమె కెవ్వుమని కన్నులు తెరుస్తుంది. చూడగా ముఖం మీద రాలినవి ఎండుటాకులు, వాటిని తొలగిస్తున్నది అక్క. అంటే ఆకుల స్పర్శయే కలలో పేకముక్కలైనదన్నమాట. ఇక్కడ కూడ ఒక వస్తువు ఉంది. కాని అది ఆనవాలు కాదు, హేతువు. కలలోనుండి బయటికి వచ్చినది కాదు, బయటినుండి కలలోనికి పోయినది. చరకుని పరిభాషలో ఇది అనుభూత స్వప్నం, నిష్ఫలం. విబోధం విస్మయాన్ని హరించింది అనడానికి ఇది లక్ష్యమా? పూర్తిగా కాదు. ఆలిస్ వెళ్లిపోయిన తరువాత అక్క అక్కడనే కూర్చుండి, సగం మెలకువలో అదే లోకాన్ని తానూ చూస్తుంది. 1871లో వచ్చిన రెండవ నవల చివర, కల కన్నది ఆలిసా, ఎఱ్ఱరాజా అన్న ప్రశ్న పాఠకునికే విడువబడింది. వసిష్ఠుని శిష్యులకు ఈ ప్రశ్న పరిచితమే.

అనంతర కాలంలో కారల్ను అనుకరించిన వారు ప్రశ్నను విడచి ఎండుటాకులను మాత్రం పట్టుకొన్నారు. ఇందుకు ఒక్క నిదర్శనం చాలును. ఫ్రాంక్ బామ్ 1900లో వెలువరించిన ఓజ్ మాంత్రికుని నవలలో ఆ దేశం కల కాదు. సుడిగాలి ఇంటిని నిజంగానే ఎత్తుకొని పోయింది. డొరొతీ తిరిగి వచ్చేసరికి పినతండ్రి కట్టుకొన్న కొత్త ఇల్లు నిలిచి ఉంది. ఆమెను తెచ్చిన వెండి పాదరక్షలు దారిలో ఎడారిలో జారిపోయాయి. 1939లో ఈ కథను చలనచిత్రంగా తీసినవారు అంతా మంచం మీది కలగా మార్చారు. చుట్టూ చేరిన పెద్దలు ఆమె చెప్పినది విని చిఱునవ్వు నవ్వుతారు. బాలిక చూచి వచ్చిన దేశానికి సాక్ష్యంగా నిలిచిన కొత్త ఇల్లు ఆ చిత్రంలో లేదు. ఆ చిత్రం చూచి పెరిగినవారు ఎందరో మూలంలో కూడ కలయే అనుకోవడం ఈ మార్పు ఎంత బలమైనదో చెబుతుంది.

భారతీయ భాషలలో ఈ చిక్కును అత్యంత చతురంగా విప్పినవాడు వంగ రచయిత సుకుమార్ రాయ్. 1920లలో వెలువడిన ఆయన 'హ య వ ర ల'లో చెట్టు కింద పరున్న బాలుని చేతిరుమాలు పిల్లిగా మారుతుంది. ఆ తరువాత అసంబద్ధ జీవుల సభ, న్యాయవిచారణ. చివరకు మేనమామ చెవి పట్టుకొని లేపుతాడు. ఇంతవరకు ఆలిస్ ఛాయ స్పష్టమే. కాని లేచి చూస్తే రుమాలు నిజంగానే లేదు. కంచె మీద పిల్లి కూర్చుండి ఉంది, బాలుని చూడగానే దిగి పారిపోయింది. తోట వెనుకనుండి మేక అరుపు వినవచ్చింది. మేనమామ ఇవన్నీ పిచ్చి కలలని కసరుతాడు. రాయ్ మేనమామ పక్షం వహించలేదు, బాలుని పక్షాన ఆనవాలు పెట్టాడు. రూపం కారల్‌ది కావచ్చును, ముగింపు మాత్రం ఉషాపరిణయ మార్గంలోనిది.

తెలుగు బాలల నవలకు వస్తే, 1947 జులైలో మద్రాసులో మొదలై ఈనాడు వెలువడని చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన ధారావాహికలు ముందు నిలుస్తాయి. 'తోకచుక్క'తో ప్రారంభమైన వీటి పేర్లను వరుసగా చదివితేనే ఒక విషయం బోధపడుతుంది. 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం'. దాదాపు అన్నీ స్థలనామాలు. కథానాయకుడు అద్భుతంలోనికి నిద్రలో పోడు, నడచి పోతాడు. లోయ దిగి, కొండ ఎక్కి, నీటిలో మునిగి పోతాడు. తెలుగులో స్వప్ననవల కొఱవడడానికి కారణం ఊహాలేమి కాదని, అద్భుతానికి భూగోళంలోనే చోటు ఉండడమని ఈ పేర్లు సూచిస్తున్నాయి.

ఈ భూగోళం కల్పితమే అయినా దానికి పోలిక దగ్గరలోనే ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలోనివి. తరువాత పశ్చిమ ప్రకాశంగా పేరుపడ్డాయి. వీటికి పడమట నల్లమల గోడవలె నిలిచి ఉంది. ఆ కొండలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం వద్ద చెరువై సముద్రం వలె పరచుకొంటుంది. ఉత్తరాన త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం, గౌరన నవనాథ చరిత్ర ఈ కొండలను సిద్ధుల నెలవుగా, వింతల గనిగా నిలిపాయి. కొండకు ఆవలి వైపున ఉన్న అహోబల నృసింహునికే మడికి సింగన తన వాసిష్ఠ రామాయణాన్ని అంకితమిచ్చాడు. లవణుని కల తెలుగులో ప్రవేశించిన తావు ఈ అడవి అంచే అన్నమాట. దశకుమారచరితంలో రాజవాహనుడు మాతంగునితో బిలంలో దిగి పాతాళం చేరి, ఆకలిదప్పులను పోగొట్టే మణితో తిరిగి వచ్చిన కథను ఈ ప్రాంతపు బాలునికి చెప్పడం కష్టం కాదు. గిద్దలూరులో రైలెక్కి నంద్యాలకు పోయినవాడు కొండ కడుపులోని చీకటిని చూచే ఉంటాడు.

రాజవాహనుని మణి కూడ ఆనవాలే. కల నుండైనా బిలం నుండైనా తిరిగి వచ్చేవాడు ఒట్టి చేతులతో రాకూడదన్నది ఈ కథల సమయం. తరగతిలో దీనికి ఒక ప్రయోజనం ఉంది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన పిల్లవాడు తాను కన్న కలను చెప్పినప్పుడు పెద్దలు సాధారణంగా మేనమామ పాత్రయే ధరిస్తారు. బాలల నవలను పాఠ్యాంశంగా చెప్పే ఉపాధ్యాయుడు సైతం ఇదంతా కలయే కదా అని ముగిస్తే, అది కథ సారాంశం చెప్పినట్లు కాదు, ఎండుటాకులు చూపినట్లు. నాయకుడు ఏమి తెచ్చాడు అని అడిగితే విద్యార్థి మళ్లీ గ్రంథంలోనికి పోవలసి వస్తుంది.

ఈ దృష్టితో మధిర సుబ్బన్న దీక్షితులు వ్రాసిన 'కాశీమజిలీ కథలు' పునఃపరిశీలనకు అర్హం. మణిసిద్ధుడు కాశికి తోడుగా ఒక గోపకుమారుని వెంటబెట్టుకొని పోతాడు. కథలు చెబుతానన్న మాట మీదనే ఆ కుఱ్ఱవాడు బయలుదేరాడు. డాడ్జ్‌సన్ పడవకు ఈ కాశీదారి సాటి వచ్చేదే. ప్రతి మజిలీలోను బాలుడు ఊరిలో తిరిగి ఏదో ఒక వింత చూచి వచ్చి, దాని వృత్తాంతం అడుగుతాడు. సిద్ధుడు మణి మహిమతో అంతా తెలిసికొని చెబుతాడు. ఇక్కడ క్రమం తలక్రిందులైంది. ఉషకు ముందు కల, తరువాత పటం. ప్రమతికి ముందు మేడ, తరువాత తారావళి. గోపకుమారునికి ముందే ఆనవాలు కంటబడుతుంది, లోకాంతర కథ తరువాత వస్తుంది. అతడు నిద్రపోవలసిన పని లేదు. కథ ముగిసిన పిమ్మట కావడి భుజాన వేసికొని తరువాతి మజిలీకి నడుస్తాడు.