పెద్దమ్మ పాట తప్పింది

ఎండాకాలం వచ్చిందంటే వార్తల్లో ఒక ఊరి పేరు తప్పకుండా వినిపిస్తుంది. ఆ ఊరు రెంటచింతల. పల్నాడులో ఉంది. ఆ ప్రాంతం ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 2022లో పల్నాడు వేరే జిల్లా అయింది. "రెంటచింతలలో ఈ రోజు ఇన్ని డిగ్రీలు" అని వార్తల్లో చెప్తారు. మిగతా ఊళ్ళవాళ్ళు విని "అమ్మో!" అంటారు. పల్నాడు ఆడవాళ్ళకు ఆ మాట వినే తీరిక ఉండదు. అప్పటికి వాళ్ళు మిరప కల్లంలో ఉంటారు.

రెంటచింతలకు దగ్గరలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పెద్దమ్మ ఉంది. వయసు 68. వరసలు ఏవైనా ఊరంతా ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. పెళ్ళయినా, సీమంతమైనా, పొలం పనయినా పెద్దమ్మ పాట ఉండాల్సిందే.

ఆ పాటలు ఆమెకు ఎవరు నేర్పారు? అత్తగారు నేర్పింది. అదీ తిరగలి దగ్గర.

ఇప్పటి పిల్లల్లో చాలామంది తిరగలి చూసి ఉండరు. రెండు గుండ్రటి రాళ్ళు, ఒకదాని మీద ఒకటి. పై రాయికి కర్ర పిడి. అత్త ఇటు కూర్చుంటుంది, కోడలు అటు. ఇద్దరూ ఒకే పిడి పట్టుకుని తిప్పుతారు. మధ్యలో గుప్పెడు గుప్పెడు జొన్నలు పోస్తారు. రెండు చేతులూ ఒక్కటిగా తిరగాలంటే ఒక లెక్క కావాలి. ఆ లెక్కే పాట. పాట తొందరపడితే రాయి తొందరపడుతుంది. పాట నిదానిస్తే రాయి నిదానిస్తుంది.

"ఊర్మిళాదేవి నిద్ర" అని ఆడవాళ్ళు పాడుకునే పెద్ద పాట ఒకటి ఉంది. లక్ష్మణుడు అన్న వెంట అడవికి పోయాడు. ఆయన భార్య ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రలోనే ఉంది. తిరిగి వచ్చిన మగణ్ణి ఆమె మొదట గుర్తుపట్టలేదు. ఆ కథే ఆ పాట. అది ముగిసేసరికి ఆ రోజుకు కావలసిన పిండి తయారయ్యేదట. "మాకు గడియారం ఏడుందే అమ్మా? పాటే గడియారం" అంటుంది పెద్దమ్మ.

ఆ పని ఏ వేళప్పుడు చేసేవారో గమనించండి. కోడి కూయకముందే లేచేవారు. తూరుపు తెల్లబడేసరికి తిరగలి ఆగిపోయేది. దంచడమైనా, కళ్ళాపి అయినా అన్నీ చల్లపూటే. ఎండపూట నీడపట్టున కూర్చుని చేసే పని చేసేవారు. 

అలాగని అవన్నీ మంచిరోజులు అనలేం. తిప్పి తిప్పి పెద్దమ్మ కుడి భుజం పట్టేసింది. ఇప్పటికీ చెయ్యి పైకి లేవదు. ఒళ్ళు బాగున్నా, బాగలేకున్నా కోడలికి తిరగలి తప్పేది కాదు. పిండిమర వచ్చిన రోజున ఆడవాళ్ళంతా సంతోషించారు. పిండిమర రావడంతో తిరగలి మూలపడింది. దాంతోపాటు పాట కూడా సగం పోయింది.

మిగతా సగం మధ్యాహ్నాలు మిగిలింది, రేడియో దగ్గర. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పెద్దమ్మ కాపురానికి వచ్చేనాటికి ఆ ఊళ్ళో రెండో మూడో రేడియోలు ఉండేవి. రేడియోకు అప్పట్లో లైసెన్సు కూడా ఉండేది. ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టాలి. అందుకని రేడియో ఉన్న ఇంటి అరుగే అందరికీ ఇల్లు. ఎండ మండేవేళ వేపచెట్టు నీడన చేరి, చింతపండు గింజలు తీస్తూ వినేవారు. పాట మొదలవగానే పందెం. ఇది లీల గొంతా, సుశీల గొంతా, జిక్కి గొంతా? ఓడినవాళ్ళు అందరికీ మంచినీళ్ళు తేవాలి.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల చనిపోయారు. ఆ సంగతి రేడియోలోనే విన్నారు. "మా ఇంట్లో మనిషి పోయినట్టే ఉంది. ఆ పూట అన్నం సయించలేదు" అని పెద్దమ్మ ఇప్పటికీ చెప్తుంది. సుశీల పాటల లెక్క 2016లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 17,695 పాటలు. ఆ అంకెను కోడలు పేపరులో కూడబలుక్కుని చదివి వినిపించింది. పెద్దమ్మ నమ్మలేదు. "అంతేనా? ఇంకా ఎక్కువే పాడి ఉంటది, సరిగ్గా చూడు" అంది.

ఇప్పుడు పాట సెల్‌ఫోనులో ఉంది. కొంగున కట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. కానీ నీడన కూర్చుని వినే మధ్యాహ్నం లేదు. మధ్యాహ్నం కూడా కూలిలో చేరిపోయింది.

అది ఏప్రిల్ నెల. మిరప ఆఖరి కోత అయిపోయింది. కాయలు కల్లంలో ఎండుతున్నాయి. తాలుకాయలు ఏరాలి. తెల్లబారిన కాయ, మచ్చపడిన కాయ కలిస్తే గుంటూరు యార్డులో ధర రాదు. పది మంది ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. పొద్దున 8 గంటలకు దిగితే సాయంత్రం 5 గంటలకు లేవాలి. మధ్యలో అన్నానికి ఒక గంట. కల్లంలో చెట్టు లేదు. కింద పట్టా కాలుతుంది. ఘాటుకు తుమ్ములు. అందుకని ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకున్నారు.

పెద్దమ్మ ఊర్మిళ పాట ఎత్తుకుంది. అప్పటికి పన్నెండు కావస్తున్నది. ఊర్మిళ నిద్ర లేచే చోటుకు వచ్చింది. అక్కడినుంచి పాట జోలపాటలోకి పోయింది. మళ్ళీ మొదటికి వచ్చింది. అందరూ నవ్వారు.

"ఏంది పెద్దమ్మా, లేవాల్సిన మనిషిని మళ్ళీ నిద్రపుచ్చుతున్నావ్?" అంది పక్కనున్న పిల్ల.

పెద్దమ్మ నవ్వలేదు. "తిరగలి ఆపవే, పిండి ఒలికిపోతంది" అంది.

కోడలు చేతిలో తట్ట వదిలేసి లేచింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ పాట ఎన్నిసార్లు విన్నదో! ఒక్కనాడూ ఒక్క మాట తప్పలేదు. దగ్గరికి వచ్చి, "అత్తా, నేనెవర్ని?" అని అడిగింది. పెద్దమ్మ ఆమె మొహంలోకి చూసి, "వస్తున్నా అత్తా" అంది. చెయ్యి పట్టుకుంటే పెనం మాదిరిగా ఉంది.

తలా ఒక మాట అన్నారు. నోట్లో నీళ్ళు పొయ్యమని ఒకరు. ఉల్లిపాయ నలిపి అరికాళ్ళకు రుద్దమని ఒకరు. ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టమని రైతు. కోడలు ఎవరి మాటా వినలేదు. వడదెబ్బ గురించి ఆశా కార్యకర్త చెప్పింది ఆమెకు గుర్తుంది. నలుగురూ కలిసి పెద్దమ్మను ట్రాక్టరు నీడకు మోశారు. ఇద్దరు చీర అడ్డం పట్టారు. రవిక వదులు చేశారు. తాగే నీళ్ళ డ్రమ్ము తెచ్చి తల మీద, ఒళ్ళంతా పోశారు. "తాగే నీళ్ళు అయిపోతాయే" అన్నారు ఎవరో. "పోతే పోనీ" అంది కోడలు. తడిగుడ్డలు మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టారు. అట్టపెట్టె చింపి విసిరారు. ఒక పిల్ల 108కి ఫోను చేసింది.

అరగంటకు బండి వచ్చింది. అప్పటికే పెద్దమ్మ కోడలిని గుర్తుపట్టింది. ఆసుపత్రిలో మూడు రోజులు ఉంది. "ఒళ్ళు చల్లబరిచి తెచ్చారు. ఊరికే తెచ్చి ఉంటే కష్టమయ్యేది" అన్నాడు డాక్టరు.

ఇంతకూ పెద్దమ్మకు ఏం జరిగింది? 

కొత్త కుండలో నీళ్ళు పోసి చూడండి. కుండ పైన చెమ్మ వస్తుంది. ఆ చెమ్మ ఆరుతూ కుండలో వేడిని తీసుకుపోతుంది. నీళ్ళు చల్లబడతాయి. మన ఒంటికి చెమట పట్టేది కూడా ఇందుకే. చెమట ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. బయట 43, 44 ఉన్నా ఒళ్ళు 37 దగ్గరే నిలబడటానికి చెమటే కారణం. ఒంట్లో నీళ్ళు తగ్గితే చెమట తగ్గుతుంది. అప్పుడు వేడి లోపలే ఉండిపోతుంది. సముద్రం పక్క ఊళ్ళలో ఇంకో కష్టం. అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ. చెమట కారుతుంది కానీ ఆరదు. అందుకే అక్కడ డిగ్రీలు తక్కువ ఉన్నా ఉక్క చంపేస్తుంది.

ముందుగా ఒళ్ళు మనకు చెప్తుంది. తలనొప్పి వస్తుంది. కళ్ళు తిరుగుతాయి. పిక్కలు పట్టేస్తాయి. వాంతి వచ్చినట్టు ఉంటుంది. అప్పుడే నీడకు పోయి, నీళ్ళు తాగి, కూర్చోవాలి. ఈ మాట వినకుండా పని చేస్తే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అదే వడదెబ్బ. వేడి మెదడుకు తగులుతుంది. మాట తడబడుతుంది, మనిషి తూలుతుంది, ఫిట్స్ రావచ్చు, తెలివి తప్పవచ్చు. పెద్దమ్మ పాట తప్పింది అందుకే. ఒళ్ళు పొడిగా ఉంటేనే వడదెబ్బ అని కొందరు అనుకుంటారు. అది తప్పు. ఎండలో కష్టం చేసేవాళ్ళకు చెమట కారుతూనే వడదెబ్బ తగలవచ్చు.

తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం బిళ్ళ వేయకూడదు. ఇది ఆ జ్వరం కాదు. ఉల్లిపాయ కూరకు మంచిదే, మజ్జిగలోకి ఇంకా మంచిది. అరికాళ్ళకు రుద్దితే మాత్రం ఒంటి వేడి దిగదు. బండి వచ్చేదాకా ఆగకుండా ఒళ్ళు తడపాలి, విసరాలి.

2015 మే నెలలో ఎండలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ముసలివాళ్ళకు, చంటిపిల్లలకు, గర్భిణులకు, ఎండన పడి కూలి చేసేవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. సారా తాగిన ఒళ్ళు కూడా తొందరగా వడలుతుంది.

ఇంకో సంగతి ఉంది. మగవాళ్ళ ముందు ఎవరూ చెప్పరు. పెద్దమ్మ ఆ రోజు పొద్దుటినుంచి ఒక్క గ్లాసు నీళ్ళే తాగింది. ఎందుకని? కల్లం చుట్టూ చాటు లేదు. నీళ్ళు తాగితే ఒంటికి పోవాలి. ఎక్కడికి పోవాలి? అందుకని చాలామంది ఆడకూలీలు దప్పికను ఓర్చుకుంటారు. మూత్రం ముదురు పసుపుగా, మంటగా వస్తే నీళ్ళు చాలలేదని అర్థం. ఆసుపత్రి నుంచి వచ్చాక కోడలు ఈ మాట నలుగురిలో అంది. ముందు సిగ్గుపడ్డారు. తర్వాత ఒక్కొక్కరే "నేనూ అంతే" అన్నారు. మర్నాడే నాలుగు కర్రలు పాతి, పాత పట్టా కట్టి, కల్లం మూలన చాటు చేసుకున్నారు. ఇందుకు ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు వాళ్ళు దప్పిక కాకముందే నీళ్ళు తాగుతున్నారు. ఉప్పేసిన మజ్జిగ, గంజి తెచ్చుకుంటున్నారు. ఓఆర్ఎస్ పొడి దొరికితే పాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలో కలుపుతారు. సగం సగం కలపరు. దొరకకపోతే ఇంట్లోనే చేస్తారు. లీటరు మంచినీళ్ళు, టీ చెంచాతో తలకొట్టిన 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ కాకూడదు. కలిపిన నీళ్ళు ఆ రోజుకే. మర్నాటికి ఉంచరు.

పని వేళలు మార్చమని రైతును అడగాల్సి వచ్చింది. అది అంత సులువుగా కాలేదు.

"పొద్దున ఆరింటికే వస్తాం. ఎండెక్కితే దిగిపోతాం. మళ్ళీ నాలుగింటికి వస్తాం" అంది కోడలు.

"గంటలు తగ్గితే కూలి తగ్గిద్ది" అన్నాడు రైతు.

ఆడవాళ్ళు అక్కడే కూర్చుని మసిబొగ్గుతో గోడ మీద లెక్క వేశారు. పాత లెక్క 8 నుంచి 5 దాకా. అన్నం గంట తీసేస్తే 8 గంటలు. కొత్త లెక్క పొద్దున 6 నుంచి 11 దాకా 5 గంటలు, సాయంత్రం 4 నుంచి 6.30 దాకా రెండున్నర. మొత్తం ఏడున్నర. అరగంట తక్కువ వచ్చింది. "అయితే పదకొండున్నరకు దిగుతాం. ఎనిమిదికి ఎనిమిది సరిపోయింది. చూసుకో అన్నా" అంది కోడలు. రైతు గోడ వంక రెండుసార్లు చూశాడు. చివరికి సరేనన్నాడు. ఏప్రిల్‌లో పదకొండున్నర అంటే చల్లపూట కాదు. అయినా మిట్టమధ్యాహ్నం కంటే మేలు.

కల్లంలో పందిరి కూడా వేస్తానన్నాడు. ఇంకా వేయలేదు. రేపు, రేపు అంటున్నాడు. పెద్దమ్మ ఈ ఏడు కల్లానికి రావడం లేదు. మిగతావాళ్ళు రోజూ పొద్దున ఆరింటికి వచ్చి, పని మొదలుపెట్టే ముందు, "పందిరి ఏదన్నా?" అని అడుగుతున్నారు.