గేదె చేపు

గేదెపాలు కుండలో నీటివలె పొదుగునందు నిలువయుండునని పలువురు రైతులు తలచెదరు. అది సరికాదు. పొదుగులోని మిక్కిలి చిన్నవగు పాలతిత్తులు రక్తమునుండి సారమును గ్రహించి పాలను తయారుచేయును. గేదె పాలలో నూటికి సుమారు 95 పాళ్లు ఈ తిత్తులయందే యుండును. చన్నులకు పైనున్న తొట్టిలో నుండునది మిక్కిలి స్వల్పము.

దూడ కుడిచినపుడు గాని, పొదుగును కడిగి నిమిరినపుడు గాని, మెదడు క్రిందనున్న గ్రంథినుండి ఆక్సిటోసిన్ అను ద్రవ్యము వెలువడి, రక్తముతో పొదుగును చేరి, తిత్తులను పిండును. ఇదియే చేపు. ఆవు సాధారణముగా ఒక నిమిషములో చేపును. గేదెకు తరచు రెండు నిమిషములు గాని అంతకు మించి గాని పట్టును. ఆ ద్రవ్యపు బలము కొద్ది నిమిషములే నిలుచును. కావున చేపిన వెంటనే ఆపక పితుకవలెను.

పాలు బిగబట్టినదని గేదెను కొట్టుట కేవలము నష్టము. భయముచే అడ్రినలిన్ అను వేరొక ద్రవ్యము పుట్టి చేపును అడ్డగించును. పాలు పొదుగున మిగిలినచో మరుపూటలకు ఉత్పత్తి తగ్గును. వెన్న యధికముగా నుండునది కడపటి పాలయందే. కావున కర్రను విడిచి, పొదుగును నిమిరి, చేపువరకు ఓర్చియుండి, తుదిచుక్క వరకు పితుకుట రైతునకు లాభకరము.