ఇరువైపుల నుండీ ఒక్కో మధ్యవర్తి

మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పొలంగట్టు తగాదా వస్తే పెద్దమనుషులు వెంటనే కూర్చుంటారు. మిరపకాయల తూకంలో తేడా వచ్చినా, పత్తితీత కూలి లెక్క తేలకపోయినా పంచాయితీ ఆలస్యం కాదు. కాని ఆలుమగల మధ్య మాటలు కరువైతే మాత్రం ‘వాళ్ళే సర్దుకుంటారులే’ అని ఊరుకుంటాము. తీరా నోటి నుండి ‘తలాఖ్’ మాట వెలువడ్డాక, జహేజ్ సామాను, మహర్ లెక్క చూడడానికి పెద్దలు చేరతారు. దివ్యఖుర్ఆన్ నేర్పిన వరస ఇది కాదు.

సూరె నిసా 35వ ఆయత్‌ను గమనించండి. దంపతుల మధ్య చీలిక వస్తుందనే భయం కలిగినప్పుడే భర్త కుటుంబం నుండి ఒకరిని, భార్య కుటుంబం నుండి ఒకరిని నియమించమని అల్లాహ్ ఆదేశించాడు. ఆ ఇద్దరూ చక్కదిద్దాలని కోరుకుంటే దంపతుల మధ్య సామరస్యం కలిగిస్తానన్నాడు. అంటే మధ్యవర్తిత్వం తలాఖ్ తరువాతి పని కాదు, ముందు పని. పైగా ఆయత్ వారిని ‘హకమ్’ అన్నది. హకమ్ అంటే తీర్పరి. తన వైపు వాదించి గెలిపించే వకీలు కాడు.

హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో అఖీల్ బిన్ అబీ తాలిబ్ (రజి), ఆయన భార్య ఫాతిమా బిన్తె ఉత్బా (రజి) మధ్య గొడవ వచ్చింది. ఆమె మొర విని ఖలీఫా ఇరువైపుల బంధువులైన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి)ను, హజ్రత్ ముఆవియా (రజి)ను పంపారు. వారు వెళ్ళేసరికి దంపతులు రాజీపడి తలుపు వేసుకున్నారని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు ఉల్లేఖించారు.

నచ్చజెప్పడం వేరు, ఒత్తిడి వేరు

బరీరా (రజి) బానిసత్వం నుండి విముక్తి పొందాక భర్త ముగీస్ (రజి)తో ఉండడానికి ఇష్టపడలేదు. ఆయన ఏడుస్తూ ఆమె వెంట తిరిగేవారు. మహాప్రవక్త (స) ఆమెకు నచ్చజెప్పారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగితే, కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. ఆమె అంగీకరించలేదు. ఆయన బలవంతపెట్టలేదు. దైవప్రవక్త (స) సిఫారసునే ఒక స్త్రీ కాదనగలిగినప్పుడు, ‘మా మాట వినకపోతే మా గడప తొక్కవద్దు’ అని ఆడబిడ్డను బెదిరించే హక్కు మనకెక్కడిది?

ఎలా కూర్చోవాలి?

మధ్యవర్తులు ముందుగా ఇద్దరి మాటా విడివిడిగా వినాలి. ఇంటి గుట్టు బజారుకెక్కకూడదు. అసలు కారణం వెదకాలి. మిరప ధర పడిపోయి అప్పులు పెరిగిన ఇంట్లో గొడవకు మూలం అత్తాకోడళ్ళ మాట పట్టింపు కాకపోవచ్చు, తాకట్టులో ఉన్న ఆమె నగలు కావచ్చు. కొట్టడం, తాగుడు ఉన్నచోట ఆమె క్షేమం ముందు, రాజీ తరువాత. కుదిరిన మాటలను కాగితంపై రాసి, కొన్నాళ్ళకు మళ్ళీ కూర్చోవాలి.

దంపతులు అధికారం ఇవ్వనిదే మధ్యవర్తులు వారిని విడదీయలేరని హనఫీ పండితులంటారు. ఆ అధికారం ఉందని మాలికీ పండితులంటారు. కనుక తమకు ఎంతవరకు అధికారం ఇస్తున్నారో ముందే రాయించుకోవడం మేలు.

సయోధ్య కుదరకపోతే

అప్పుడు కూడా పద్ధతి ఉంది. భార్య బహిష్టు నుండి పరిశుద్ధురాలై, ఇంకా కలయిక జరగని స్థితిలో ఒకే ఒక్క తలాఖ్ ఇవ్వాలి. ఇద్దరు న్యాయవంతులను సాక్షులుగా పెట్టుకోవాలి. ఇద్దత్‌లో ఆమెను ఇంటి నుండి వెళ్ళగొట్టరాదు. ఆ గడువులోగా భర్త ఆమెను తిరిగి స్వీకరించవచ్చు. విడిపోతే, మహర్‌గా సొమ్ము రాశి ఇచ్చి ఉన్నా అందులోంచి తిరిగి తీసుకోరాదని సూరె నిసా 20వ ఆయత్ హెచ్చరిస్తోంది. భార్యే విడిపోగోరితే ఖులా ఉంది. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇచ్చి విడివడ్డారు.

దేశ చట్టం కూడా తెలిసి ఉండాలి. తలాఖ్‌కు ముందు ఇరు కుటుంబాల మధ్యవర్తులు ప్రయత్నించి ఉండాలని 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే ఊపులో మూడు తలాఖ్‌లు చెప్పడాన్ని 2017 ఆగస్టు 22న కొట్టివేసింది. 2019 చట్టం ప్రకారం అది చెల్లదు, మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడే నేరం కూడా. షరీఅత్ పంచాయితీల తీర్పులకు చట్టబలం లేదని 2014లో అదే కోర్టు స్పష్టం చేసింది. కనుక పెద్దలు మహర్, మనోవర్తి, పిల్లల విషయంలో కుదిర్చిన రాజీని లోక్‌అదాలత్‌లో నమోదు చేయించడం మంచిది. దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమాన విలువ ఉంటుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం కూడా లభిస్తుంది.

సోదర సోదరీమణులారా! మీ బంధువుల్లో ఏ జంటైనా ముభావంగా ఉంటే తలాఖ్ వార్త వచ్చేదాకా ఆగకండి. నోరు అదుపులో ఉండి, చెవి ఒగ్గి వినగల ఒక్కొక్కరిని ఇరువైపుల నుండీ ఈరోజే ఎంచుకోండి. కలిపినా మేలుతో కలపండి, విడదీసినా మేలుతో విడదీయండి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.