పాత కాంతిమాపకము - నేటి ఫిలిం అంకెలు

చేతిలోని ఫోను క్షణములో బొమ్మ తీసి చూపించే ఈ దినాలలో ఫిలిం కెమెరాను గూర్చి వ్యాసమేమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. అయితే మన విద్యార్థులు కొందరు ఫిలిం ఛాయాచిత్రణములో అభిరుచి చూపుతున్నారు. వారితోపాటు మేమూ నేర్చుకొంటున్నాము. అలా నేర్చుకొనేటప్పుడు జరిగిన ఒక పొరపాటే ఈ వ్యాసమునకు కారణము.

హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో మాకు వెస్టన్ మాస్టర్ 2 అనే పాత కాంతిమాపకము దొరికినది. బ్యాటరీ అక్కరలేదు. లోపలి సెలీనియం ఫలకముపై వెలుతురు పడగానే స్వల్పమైన విద్యుత్తు పుట్టి ముల్లు కదులుతుంది. దాని చక్రముపై ఫిలిం వేగపు అంకె పెట్టి, ముల్లు చూపిన అంకెకు చక్రమును త్రిప్పితే, ఎంత ఎపర్చరుకు ఎంత షట్టరు వేగమో తెలుస్తుంది. అయితే ఆ చక్రముపై ఏ అంకె పెట్టవలెను? చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

వెస్టన్ సంస్థ 1932లో ఛాయాచిత్రకారుల కొరకు కాంతిమాపకమును తెచ్చినప్పుడు, ఫిలిముల వేగమునకు అందరికీ ఒప్పుదలైన కొలత లేదు. కనుక ఆ సంస్థ తన అంకెలు తానే ఏర్పరచుకొన్నది. అమెరికా ప్రమాణ సంఘము వారి ఏ.ఎస్.ఏ. కొలత 1943లో గాని రాలేదు. నేటి పెట్టెలపై ఐ.ఎస్.ఓ. అని ఉండే అంకె ఆ ఏ.ఎస్.ఏ. అంకెయే. వెస్టన్ అంకె దానిలో అయిదింట నాలుగు వంతులు. అనగా నేటి 100 వెస్టన్ చక్రముపై 80. నేటి 125 అక్కడ 100. నేటి 400 అక్కడ 320. పూర్వము ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవని మన పెద్దలు చెప్పగా విన్నాము. ఇదీ అటువంటి మారకమే. సరుకు ఒకటే, నాణెము వేరు. 1950ల మధ్యలో వచ్చిన మాస్టర్ 3 నుండి ఆ సంస్థ కూడ ఏ.ఎస్.ఏ. అంకెలనే వాడినది గనుక దానికి ఈ మారకము అక్కరలేదు.

ఇంతవరకు మేము సరిగానే గ్రహించితిమి. తప్పు ఆ తరువాత జరిగినది. ట్రై-ఎక్స్ ఫిలిం మొదట 200 అంకెతో ఉండి, 1960లో 400 అయినదని ఒకచోట చదివితిమి. అంకెలు రెట్టింపైనవి గనుక పాత చక్రముపై కూడ రెట్టింపు చేయవలెనని మాలో మేమే తర్కించుకొని, 125 ఫిలిమునకు 100 పెట్టవలసిన చోట 200 పెట్టితిమి.

ఆ దినము మన గ్రంథాలయములో చిరకాలము పనిచేసిన అటెండరుగారికి వీడ్కోలు సభ. విద్యార్థులందరికీ ఆయన చాచా. వరండా నీడలో, వెనుక ఎండ కాస్తున్న ఆవరణతో, ముప్పదియారు చిత్రములు తీసితిమి. కడిగి చూడగా ముఖములున్న చోట నెగటివు గాజువలె తేటగా ఉన్నది. నెగటివుపై పడని దానిని ముద్రణలో ఎవరూ తేలేరు. వెనుకనున్న ఎండ మాపకములో పడి ముల్లును ఎక్కువగా లేపినదన్నదీ నిజమే. మాపకమును ముఖమునకు దగ్గరగా పట్టవలసినది. అయినా మొదటి దోషము ఆ రెట్టింపే.

1960లో మారినది కాంతిమాపకము కాదు, ఫిలిం స్వభావమూ కాదు. అంతకుముందు నలుపు-తెలుపు నెగటివు ఫిలిముల అంకె నిర్ణయించేటప్పుడు, చూపరుల పొరపాట్లకు వెసులుబాటుగా సుమారు ఒక స్టాపు, అనగా రెట్టింపు వెలుతురు, అదనముగా పడేటట్లు అంకెను తగ్గించి వేసేవారు. ఆ సంవత్సరము ఆ వెసులుబాటును తీసివేసిరి. పెట్టెపై అంకె రెట్టింపైనది. అంగడివాడు సరుకు ధర మార్చినంత మాత్రాన మనము తరాజును మార్చము గదా! రంగుల ఫిలిములకు ఆ మార్పు వర్తించలేదు.

దీనిలో మరొక హెచ్చరిక దాగియున్నది. పూర్వము మాపకము కొంచెము తప్పినా ఆ అదనపు స్టాపు కాచేది. నేడు ఆ రక్షణ లేదు. పైగా మాపకము వృద్ధమైనది. కావున నలుపు-తెలుపు నెగటివునకు అర స్టాపో, ఒక స్టాపో ఎక్కువ ఇచ్చుటే మేలని మా అభిప్రాయము. స్లైడు ఫిలిమునకు ఈ ఔదార్యము పనికిరాదు, వెలుగు భాగములు తెల్లబడిపోవును.

వాడుటకు ముందు మాపకమును పరీక్షించవలెను. ఫలకమును పూర్తిగా మూసితే ముల్లు సున్నపై నిలువవలెను. తరువాత ఒకే రంగు గోడను ఎండలో, వరండాలో, గదిలో చూచి, సరియైన డిజిటల్ కెమెరా లెక్కతో పోల్చవలెను. మూడుచోట్లా ఒకే మేరకు తేడా ఉంటే చక్రముపై అంకె మార్చి సవరించుకొనవచ్చును. చోటుకొక విధముగా తప్పితే సెలీనియం పాడైనదని గ్రహించి దానిని అద్దాల బీరువాలో పెట్టుట మంచిది. ధర తక్కువని తొందరపడి కొనకండి.

సోవియట్ లెనిన్‌గ్రాడ్ మాపకములు దొరికిన వారికి ఒక మాట. 1987కు పూర్వపు గోస్ట్ అంకె 90 నేటి 100కు సమానము. ఆ తేడా పట్టించుకొనదగినది కాదు. జర్మను డిన్ అంకెలైతే 21 అనగా 100, ప్రతి మూడంకెలకు వేగము రెట్టింపు. చక్రము 100తోనే ఆగిపోయి మీ ఫిలిం 400 అయితే, 100 పెట్టి చూచి ఎపర్చరును రెండు స్టాపులు మూసుకొనుడు.

మా మాపకము వెనుక ఇప్పుడొక కాగితపు ముక్క అంటించితిమి: 100కు 80, 125కు 100, 400కు 320. అది మా బల్ల సొరుగులో ఉన్నది. అడిగిన విద్యార్థికి ఇస్తాము. చాచా వచ్చే నెల గ్రంథాలయమునకు వస్తానని కబురు పంపినారు. ఈసారి ఆయనను వరండా మెట్లపై, ఉదయపు వెలుతురులో కూర్చుండబెట్టి తీయవలెనని అనుకొంటున్నాము.