మోటారు సైకిలు – పాదమునకు తగిన అమరిక

మోటారు సైకిలు కొనునప్పుడు మనము ధరను, మైలేజీని, రంగును గూర్చి విచారిస్తాము. దాని బ్రేకు పెడలు, గేరు లివరు మన పాదమునకు అనువైన ఎత్తులో ఉన్నవో లేవో చూచుకొనుట మాత్రము అరుదు. కర్మాగారమువారు సగటు మనిషిని దృష్టిలో ఉంచుకొని వాటిని బిగించి పంపుతారు. ఆ సగటు మనిషి మన ఇంటిలో ఉండకపోవచ్చును. పైగా మన విద్యార్థులలో పలువురు నడుపునది అన్నగారి బండియో, స్నేహితుని బండియో అగుటచే, ఆరడుగులవానికి కుదిరిన అమరికతోనే ఐదడుగులవాడు సర్దుకొనుచున్నాడు.

ఇది కేవలము సుఖమునకు సంబంధించిన విషయము కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో సుమారు 11 మీటర్లు సాగుతుంది. పెడలు మరీ ఎత్తుగా ఉన్నచో పాదమును ఫుట్‌రెస్టు మీదినుండి పైకెత్తి, ఆ పిమ్మట నొక్కవలెను. ఇందుకు అర సెకను పట్టినను, బ్రేకు పట్టుకొనుటకు ముందే ఐదున్నర మీటర్లు గడచిపోతాయి. అడ్డము వచ్చిన బాలునికిని మన చక్రమునకును నడుమ అంత దూరము ఉండకపోవచ్చును. పాదము ఫుట్‌రెస్టుపై ఆనియుండగనే మునివేళ్లు పెడలుకు కొంచెము పైన నిలువవలెను.

డ్రమ్ము బ్రేకు గల బండ్లలో ఈ సవరణకు ఒక క్రమము కలదు. స్టాపరు బోల్టు ఉన్న బండిలో మొదట దానితో పెడలు ఎత్తును నిర్ణయించవలెను. తరువాత వెనుక చక్రము వద్ద బ్రేకు రాడ్డు చివరనున్న నట్టును త్రిప్పి, బ్రేకు పట్టుకొనుటకు ముందు పెడలుకు ఉండవలసిన వదులును సరిచేయవలెను. అనేక బండ్లలో ఇది 20 నుండి 30 మిల్లీమీటర్లు. అయినను బండితో వచ్చిన పుస్తకములోని కొలతయే ప్రమాణము. ఎంత బిగిస్తే బ్రేకు అంత గట్టిదని కొందరి నమ్మకము. అట్లు బిగించిన బ్రేకు నిరంతరము రాసుకొని డ్రమ్మును వేడెక్కించి, అవసర సమయమున పట్టు కోల్పోతుంది. కనుక సెంటరు స్టాండుపై చక్రమును చేతితో త్రిప్పి, రాపిడి లేదని చూడవలెను. చివరగా బ్రేకు దీపపు స్విచ్చి. పెడలు ఎత్తు మారినచో దీపము ఆలస్యముగా వెలుగవచ్చును, లేదా ఎల్లప్పుడు వెలుగుచుండవచ్చును. వెనుక వచ్చు లారీవానికి మన ఉద్దేశమును తెలుపునది ఆ దీపమే.

చైను బిగించినప్పుడు చక్రము వెనుకకు జరుగును. రాడ్డు పొడవు మారదు కనుక బ్రేకు తనంతట తానే బిగుసుకొనును. మెకానికు మరచినను మనము మరువరాదు.

గేరు లివరు పండ్లు గల ఇరుసుపై ఎక్కియుండును. బోల్టును పూర్తిగా తీసి, లివరును బయటికి లాగి, ఒక పన్ను మేర త్రిప్పి మరల ఎక్కించవలెను. బోల్టును వదులు చేసి సుత్తితో కొట్టుట ఇరుసుకు చేటు. ముందు పాత స్థానమును సుద్దతో గుర్తు పెట్టుకొనుట మంచిది. మడమతో కూడ నొక్కు లివరైనచో ముందు కొన లేచినకొద్దీ వెనుక కొన దిగును, రెండింటిని చూచుకొనవలెను. చెప్పులతో నడుపువాడు చెప్పులతోనే, బూట్లతో నడుపువాడు బూట్లతోనే కూర్చుండి సరిచూడవలెను.

పాత బుల్లెట్టు బండ్లలో గేరు కుడివైపున, బ్రేకు ఎడమవైపున ఉండును. అలవాటు లేనివాడు బ్రేకు అనుకొని గేరును నొక్కును. ఇది ఏ పానాతోను సవరించలేనిది. ఇంజను ఆపి, స్టాండుపై కూర్చుండి పాదములకు నేర్పవలసినదే.

మన దేశములో 2019 ఏప్రిలు నుండి 125 సి.సి. వరకు గల కొత్త బండ్లకు జంట బ్రేకు గాని, ఏ.బి.ఎస్. గాని తప్పనిసరి అయినది. జంట బ్రేకు గల బండిలో పెడలు నొక్కగా ముందు చక్రమునకును బ్రేకు పడును. అట్టి బండి పెడలును మాత్రము తెలిసిన మెకానికుచేతనే సవరింపజేయవలెను.