మట్టి లేని సేద్యం: ఇంటిలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు

పుట్టగొడుగు అన్న పేరులోనే మట్టి ఉంది. వానలకు చెదపుట్టపై గొడుగులా విచ్చుకునే దానికి తెలుగువారు పెట్టుకున్న పేరది. పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయంలో శతాబ్దాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకైనా, ఆ తరువాత నూలు మిల్లుల పనికి వచ్చినవారికైనా ఆ పేరు కొత్త కాదు. అయితే పుట్ట ఊరి వెలుపలే ఉండిపోయింది. అద్దె ఇంటికి పెరడు ఉండదు. తమిళ అంగడిలో ‘సిప్పి కాళాన్’ అని అమ్మే ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు పుట్టా అక్కరలేదు, మట్టీ అక్కరలేదు. వరిగడ్డి, పాలిథిన్ సంచి, నీడ గల ఒక మూల చాలు.

మట్టి ఎందుకు అక్కరలేదు?

పుట్టగొడుగు మొక్క కాదు, శిలీంధ్రం. దానికి పత్రహరితం లేనందున ఎండతో ఆహారం తయారు చేసుకోలేదు. గడ్డిలోని సెల్యులోజు, లిగ్నిన్ అనే పదార్థాలను తన ఎంజైములతో కరిగించి పీల్చుకుంటుంది. ఆ పని చేసేది తెల్లని దారపు పోగుల వంటి శిలీంధ్రజాలం. మనం తినే గొడుగు దాని ఫలం వంటిది. పాల పుట్టగొడుగును పెంచేవారు మాత్రం గడ్డిపై మట్టి పొర కప్పవలసి ఉంటుంది. కనుక తొలిసారి ప్రయత్నించేవారికి ముత్యపు చిప్పే అనువైనది.

మన దేశంలో ఈ విద్య పాతదే. 1943లో కోయంబత్తూరులో వరిగడ్డి పుట్టగొడుగును సాగు చేశారు. 1962లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు చెందిన బానో, శ్రీవాస్తవలు ముత్యపు చిప్ప జాతిని వరిగడ్డిపై పెంచారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన ఎ.పి.కె. 1 అనే ముత్యపు చిప్ప రకం పేరులోని అక్షరాలు విరుదునగర్ జిల్లాలోని అరుప్పుకోట్టైని సూచిస్తాయి.

పెంచే విధానం

1. కొత్త, పొడి వరిగడ్డిని 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, 4 లేక 5 గంటలు నీటిలో నానబెట్టాలి. వానకు తడిసి నల్లబడిన గడ్డి పనికిరాదు.

2. నానిన గడ్డిని సుమారు 80 డిగ్రీల వేడి నీటిలో ఒక గంట ఉంచాలి. గడ్డిలో అప్పటికే ఉన్న ఇతర బూజులను అణచడానికే ఈ పని. దీనిని తగ్గించినవారు సంచినే పోగొట్టుకుంటారు.

3. శుభ్రమైన గుడ్డపై పరచి ఆరనివ్వాలి. గుప్పెడు గడ్డిని గట్టిగా పిండితే చుక్క రాలరాదు. అరచేయి మాత్రం తడి కావాలి.

4. సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల సంచిలో 5 సెంటీమీటర్ల మందాన గడ్డి పరచి, అంచు వెంట విత్తనం చల్లాలి. ఇలా నాలుగైదు పొరలు వేసి మూతి కట్టి, పక్కలకు కొన్ని చిన్న రంధ్రాలు చేయాలి. విత్తనమంటే శిలీంధ్రజాలం అల్లుకున్న జొన్న గింజలే. అవి తెల్లగా ఉండాలి. ఆకుపచ్చ, నల్ల మచ్చలు ఉంటే తీసుకోరాదు.

5. సంచిని 15 నుంచి 20 రోజులు చీకటి గదిలో ఉంచాలి. లోపలంతా తెల్లబడిన తరువాత సంచిని చీల్చి, గాలి, కొద్దిపాటి వెలుతురు ఉన్న చోటికి మార్చి, రోజూ రెండు మూడుసార్లు నీటిని తుంపరగా చల్లాలి. కొద్ది రోజులలో మొగ్గలు వస్తాయి. మరి రెండు మూడు రోజులకు కోతకు సిద్ధమవుతాయి.

రెండు మూడు కాపులు కలిపి కిలో ఎండుగడ్డికి అర కిలో నుంచి ముప్పావు కిలో వరకు పుట్టగొడుగులు ఆశించవచ్చు.

తప్పక పాటించవలసినవి

రాజపాళయం వేసవి ఈ పంటకు అనుకూలం కాదు. గదిలో వేడి 20 నుంచి 30 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 80 శాతానికి పైగా ఉండాలి. ఈశాన్య ఋతుపవనాలు వచ్చే అక్టోబరులో మొదలుపెట్టడం మేలు. చుట్టూ తడి గోనె పట్టాలు వేలాడదీస్తే తేమ నిలుస్తుంది.

అంచులు పైకి ముడుచుకొనక ముందే కోయాలి. ఆలస్యమైతే సన్నని పొడి వంటి సిద్ధబీజాలు గాలిలో వ్యాపించి దగ్గు, ఆయాసం కలిగించవచ్చు. ఒకే గది ఉన్న ఇంటిలో, పిల్లలు పడుకునే చోట సంచులను ఉంచరాదు.

ఆకుపచ్చ బూజు పట్టిన సంచిని ఇంటిలో విప్పక బయటికి చేర్చాలి. సంచిలో వేరే ఆకారపు గొడుగు మొలిచినా తినరాదు. కొండ దారిలో, పొలం గట్టున దొరికినవాటిని గుర్తుపట్టగలమన్న ధీమా ప్రాణాంతకం కావచ్చు. కొన్ని విషాలు ఉడికించినా పోవు. వాటి లక్షణాలు ఆరు గంటలు దాటిన తరువాతనే బయటపడతాయి. వండేటప్పుడు వేసిన వెండి నల్లబడకపోతే భయం లేదన్న నమ్మకం నిజం కాదు. అనుమానం కలిగిన వెంటనే, మిగిలిన పుట్టగొడుగుతో సహా ఆసుపత్రికి వెళ్లాలి. తెలిసిన విత్తనంతో ఇంటిలో పెంచుకోవడంలోని అసలు లాభం ఈ సందేహం తగ్గడమే.

పళ్లెంలోకి వచ్చేది

తాజా పుట్టగొడుగులో దాదాపు 90 శాతం నీరే. వంద గ్రాములలో సుమారు మూడు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ ఇందులో లభిస్తుంది. పప్పుకు ఇది బదులు కాదు, తోడు మాత్రమే. బాగా ఉడికించే తినాలి. కాపు ముగిసిన గడ్డిని కుళ్లబెడితే కుండీలకు మంచి ఎరువవుతుంది. మట్టి లేకుండా మొదలైన సేద్యం చివరకు మట్టికే బలమిస్తుంది.